కొపకబానాలో చప్పట్లు

గురువారం మధ్యాహ్నం కుట్టు ఫ్యాక్టరీలో భోజనపు గంట మోగింది. అందరూ లేచారు, లెనీర్ లేవలేదు.

లోదుస్తుల నడుములకు ఎలాస్టిక్ పట్టీ కుట్టడం ఆమె పని. ఎడమ చేత్తో పట్టీని సాగదీసి పట్టుకోవాలి, కుడి చేత్తో బట్టను సూది కిందికి నెట్టాలి. ఎక్కువ సాగితే బట్ట ముడతలు పడుతుంది. తక్కువ సాగితే తొడుక్కున్నవాళ్ళ నడుము మీద నిలవదు. ఎంత సాగాలో పద్దెనిమిదేళ్ళుగా ఆమె వేళ్ళకే తెలుసు. ఈ రోజు కుట్టేది లోదుస్తు కాదు. కోతముక్కల బుట్టలోంచి రెండు వేళ్ళ వెడల్పున్న తెల్లని పట్టీ ఏరుకుంది. రెండు మూరలు కొలిచింది. కాసేపు ఆలోచించి మరో జానెడు కలిపి కత్తిరించింది. రెండు కొసలనూ మణికట్టు చుట్టూ తిరిగేలా మడిచి కుట్టి, ఒక్కో కొసకు ఒక్కో గుండీ పెట్టింది. ఒక కొసను తన చేతికి తొడుక్కుని, రెండో కొసను మిషను కాలికి తగిలించి లాగి చూసింది. పట్టీ సాగింది, ఆగింది, ఆమె చేతిని వెనక్కి లాగింది.

పక్క మిషను మీది క్లెయుజా చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"కుక్కపిల్లను తెచ్చుకున్నావా ఏమిటి, చెప్పనేలేదు?"

"అమ్మకి," అంది లెనీర్. "శనివారం రియో తీసుకెళ్తున్నా. బస్సులో."

క్లెయుజా నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ గుండీ ఎత్తుగా ఉందని, పెద్దవాళ్ళ చర్మానికి ఒత్తుకుంటుందని చెప్పి, తన డబ్బాలోంచి రెండు పల్చటి గుండీలు వెతికి ఇచ్చింది. అవి కుట్టేసరికి భోజనపు వేళ అయిపోయింది.

*

శుక్రవారం సాయంత్రం అన్న నివాల్దో వచ్చాడు. వంటింటి బల్ల మీద ఒక కాగితం పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద పంచదార డబ్బా పెట్టాడు. కొండ దిగువ పట్నంలో కన్యాస్త్రీలు నడిపే వృద్ధాశ్రమంలో మంచం ఖాళీ అయింది. సోమవారానికల్లా చేర్చకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నివాల్దో చెడ్డవాడు కాడు. గొంతు పెంచకుండా ఒక్కొక్కటే చెప్పాడు. అమ్మ పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోయింది. పోయిన నెలలో రైలు పట్టాల దాకా నడిచి వెళ్ళింది. పగలంతా లెనీర్ పనికి పోతుంది, ఇంటికి తాళం వేసి పోతుంది. లోపల మనిషిని పెట్టి తాళం వేయడాన్ని ఏమనాలో నువ్వే చెప్పు అన్నాడు.

బల్ల అవతల తల్లి జెరాల్దా కూర్చుని తువ్వాలు మడుస్తోంది. మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. మడత అంచులు మాత్రం ఇప్పటికీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి.

"సముద్రం చూడాలని ఎన్నాళ్ళ నుంచో అడుగుతోంది అన్నయ్యా," అంది లెనీర్. "రేపు సుయెలీ బస్సులో తీసుకెళ్తాను. వెళ్ళినట్టే తిరిగి తీసుకొస్తే నా దగ్గరే ఉండనివ్వు. నేను చూసుకోగలనని నమ్ము."

నివాల్దో కాగితాన్ని డబ్బా కిందే వదిలి లేచాడు.

"ఒక్కసారి చేయి జారినా సోమవారం పొద్దున కారు తెస్తాను. అప్పుడు మళ్ళీ ఈ మాటలు వద్దు."

సుయెలీ అతని భార్యకు అక్క. కొండల్లోని ఈ ఊరి నుంచి నెలకోసారి బస్సు మాట్లాడి, జనాన్ని ఒక్క పగటికి రియో తిప్పి తీసుకొస్తుంది. ఆమె కంట పడేది ఏదైనా మర్నాటికి అతని చెవిన పడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అతను వెళ్ళాక తల్లి ఆకుపచ్చ గౌను మెడ లోపల లెనీర్ చిన్న గుడ్డముక్క కుట్టింది. దాని మీద తల్లి పేరు, తన ఫోను నంబరు చెరగని సిరాతో రాసి ఉన్నాయి.

*

శనివారం పొద్దున ఎనిమిది గంటలకు బస్సు రియోలో ప్రవేశించింది. ఎర్రటోపీ పెట్టుకుని, మెడలో ఈల వేలాడేసుకుని సుయెలీ ముందు నిలబడింది. నలభై నాలుగు మంది. పేర్లు చదివింది, తలలు లెక్కపెట్టింది. పోయిన నెల ఇసుకలో ఇద్దరి ఫోన్లు పోయాయని, ఈసారి అందరి ఫోన్లూ ఒక సంచిలో వేసి బస్సులో తాళం పెడతానని ప్రకటించింది. సంచి వరుస వెంట నడిచింది. అందరూ వేశారు. లెనీర్ కూడా వేసింది. అందరూ వేశాక తనొక్కతే వేయకపోతే బాగుండదు. సంచి రెండు వరుసలు దాటాక గాని తల్లి మెడ వెనక కుట్టిన నంబరు గుర్తు రాలేదు. లేచి అడుగుదామనుకుంది. ఎందుకని సుయెలీ అడుగుతుంది. చెబితే, తప్పిపోతుందని నీకే భయంగా ఉందన్నమాట అంటుంది. లెనీర్ లేవలేదు.

బస్సు దిగే ముందు తల్లి ఎడమ మణికట్టుకు ఒక కొస, తన కుడి మణికట్టుకు ఒక కొస తొడిగి గుండీలు పెట్టింది. జెరాల్దా తన చేతిని వింతగా చూసుకుంది. వెనక సీటులోంచి ఒక మగగొంతు, "ఎవరు ఎవర్ని షికారు తిప్పుతున్నారు లెనీర్?" అంది. నవ్వులు బస్సు పొడవునా ముందుకొచ్చి, సుయెలీ టోపీ దగ్గర ఆగాయి. సుయెలీ నవ్వలేదు. పట్టీ వైపు చూసింది, అంతే.

పెద్ద చర్చిలో, పైకప్పు అంచు నుంచి నేల దాకా దిగిన రంగుల అద్దాల కింద, అందరూ మెడలు వెనక్కి వాల్చి పైకి చూశారు. లెనీర్ చూసింది తల్లి పాదాలను; ఎడమ చెప్పు పట్టీ వదులైంది. స్టేడియం ముందు అందరూ ఫొటోలు దిగారు. లెనీర్ వీధిలో పోయే బస్సులను చూసింది. పంచదార కొండ అని పిలిచే శిఖరానికి పోయే కేబుల్ కారు దగ్గర తిరుగుడు గేటు ఒక్కొక్కరినే లోపలికి వదులుతుంది. కాపలా ఉన్న యువకుడు పట్టీ చూసి, విప్పితే తప్ప కుదరదన్నాడు. విప్పింది. తల్లిని ముందు పంపింది. గేటు ఇనుప చేయి ఇద్దరి మధ్యా తిరిగి ఆగినంతసేపు, ఆ రెండు క్షణాలూ, లెనీర్ చేయి చాపి తల్లి గౌను పట్టుకునే ఉంది.

కేబుల్ కారు గాజు గదిలో అందరూ కిటికీల దగ్గర మూగారు. కింద పడవలు తెల్లగా చెదిరి ఉన్నాయట, కొండలు నీళ్ళలోంచి లేచి వచ్చినట్టు ఉన్నాయట, దూరాన చేతులు చాచిన క్రీస్తు విగ్రహం మబ్బులోంచి బయటపడిందట. ఇవన్నీ పక్కవాళ్ళు అనగా ఆమె విన్నది. ఆమె చూపు, మళ్ళీ పట్టీ తొడిగిన తల్లి మణికట్టు దాటి పోలేదు. జెరాల్దా మాత్రం నుదురు గాజుకు ఆనించి, కళ్ళు ఆర్పకుండా, కిందికి దిగేదాకా చూస్తూనే ఉంది.

*

రెండు గంటలకు కొపకబానా తీరపు ఇసుకలో దిగారు. అయిదింటికి బస్సు కదులుతుందని, అయిదు దాటి ఒక్క నిమిషం కూడా ఆగదని సుయెలీ ఈల ఊది మరీ చెప్పింది. ఎండలో తను దిగనని బస్సు నీడలోనే, ఫోన్ల సంచి పక్కనే కూర్చుంది.

బీరా అనే అతని దగ్గర ఒక గొడుగు, రెండు కుర్చీలు అద్దెకు తీసుకున్నారు. నలభై ఏళ్ళవాడు, మోకాళ్ళ దాకా ఇసుక అంటిన మనిషి. గొడుగు కాడను అటూ ఇటూ తిప్పుతూ నేలలోకి దించి, ఒక్క పిడికిలి పోటుతో నిలబెట్టాడు. లెనీర్ మూత గిన్నె విప్పింది. వేయించిన కోడి, కర్రపెండలం పొడి. కుర్చీల మధ్య పట్టీ ఊగుతుండగా తల్లీకూతుళ్ళు ఒంటి చేతులతో తిన్నారు.

"ఈ నది పేరేమిటే?" అని అడిగింది జెరాల్దా.

"నది కాదమ్మా, సముద్రం."

"అవతల ఏ ఊరు?"

"అవతల ఊరు లేదు."

జెరాల్దా కోడికాలు చేతిలో పట్టుకుని ఆలోచించింది. "ఆవలి గట్టే లేకపోతే ఇన్ని నీళ్ళు ఎలా ఆగుతాయి?"

లెనీర్ పొద్దుటి నుంచి ఆపుకున్నది ఇక ఆగేలా లేదు. పాయిఖానా దూరాన, ప్రాణరక్షకుల కాపలా గది కింద ఉంది. మెట్లు దిగాలి, ఇరుకు గది, వరుస. తల్లిని తీసుకెళ్తే మెట్ల మీద పడిపోవచ్చు. తమ బస్సు ఆడవాళ్ళ కోసం చూసింది. అందరూ నీళ్ళలో ఉన్నారు. లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. చివరికి తన చేతి కొస విప్పి, కుర్చీ చేతికి రెండు చుట్లు చుట్టి గుండీ పెట్టింది.

బీరా పక్క గొడుగు సర్దుతూ చూశాడు. చేతిలో పని ఆపి దగ్గరికొచ్చాడు.

"కట్టెయ్యక్కర్లేదక్కా. నేను ఇక్కడే ఉంటా కదా, చూస్తూ ఉంటా."

మంచిమాటే. కాని ఇది రియో, ఇతనెవరో. లెనీర్ తల అడ్డంగా ఊపి, ఇంకోసారి గుండీ బిగుతు చూసి, కదలొద్దని తల్లికి రెండుసార్లు చెప్పి గబగబా నడిచింది. బీరా చూపు తన వీపు మీద ఉందని ఆమెకు తెలిసింది. వెనక్కి తిరగలేదు.

వరుసలో ఆరుగురు. నిమిషాలు లెక్కపెట్టుకుంది. పదమూడు.

తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. పట్టీ కుర్చీ చేతి నుంచి వేలాడుతోంది. తెగలేదు, చిరగలేదు. గుండీ ఒద్దికగా విప్పి ఉంది. తన పేరు మరిచిపోయే రోజులున్నా, గుండీ విప్పడం జెరాల్దా వేళ్ళు మరిచిపోలేదు.

బీరా లేడు. పక్క గొడుగు కింద పడుకున్నవాణ్ణి అడిగితే, టోపీ ముఖం మీంచి తీసి, ఏమో, అతను ఎటో వెళ్ళాడు అని మళ్ళీ టోపీ కప్పుకున్నాడు.

ముందు నీళ్ళ వైపు పరుగెత్తింది. అల ఒడ్డుకొచ్చి, నురగ పరిచి, వెనక్కి తీసుకుపోతోంది. ఆకుపచ్చ ఎక్కడా లేదు. ఈత దుస్తుల మధ్య గౌను తొడుక్కున్న ముసలావిడ వెంటనే కనిపించాలి. కనిపించలేదు. పేరు పెట్టి అరవాలని నోరు తెరిచింది. ఇరవై అడుగుల దూరంలో తమ బస్సువాళ్ళే అలలతో ఆడుకుంటున్నారు. అరిస్తే వాళ్ళు వింటారు. వాళ్ళు వింటే సుయెలీ వింటుంది. నోరు మూసుకుంది. ఇసుకలో నడిచే మనిషి నడకే నడుస్తూ, కళ్ళు మాత్రం పరుగెత్తించింది.

చల్లని టీ పీపాలు భుజాలకు తగిలించుకుని తిరిగే మనిషిని ఆపి, గొంతు తగ్గించి అడిగింది. ఆకుపచ్చ గౌను, తెల్లజుట్టు. అతను చూడలేదన్నాడు. తల్లి మెడ వెనక నంబరు ఎవరైనా చూసి ఉంటే? చూసి ఫోను చేస్తే? ఆ ఫోను బస్సులో, సుయెలీ కాలి పక్కన, సంచిలో మోగుతుంది.

అప్పుడే దూరాన చప్పట్లు మొదలయ్యాయి. ఒక గుంపు కొడితే పక్క గుంపు అందుకుంది, దాని నుంచి ఇంకొకటి. ఒకే లయలో, గొడుగు నుంచి గొడుగుకు పాకుతూ వస్తున్నాయి. ఇసుకలో పిల్లలు తప్పిపోతే ఇలాగే చేస్తారు. పిల్లను భుజాలకెత్తుకుని నడుస్తూ ఉంటారు, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు, ఆ చప్పుడు విని కన్నవాళ్ళు పరుగెత్తి వస్తారు. పోయినేడు తమ బస్సు పిల్లవాడొకడు అలాగే దొరికాడు. ఎవరి పిల్లో పాపం అనుకుని లెనీర్ చప్పట్లకు ఎదురు దిక్కుగా తిరిగింది. అటు జనం మూగుతున్నారు. మూగిన జనంలో వెతకడం కష్టం.

తడిజుట్టుతో ఒకామె ఎదురొచ్చింది.

"నీలం గౌను పిల్లను చూశారా అక్కా? ఆరేళ్ళుంటాయట. రెండు జడలు."

"లేదమ్మా. మీరు ఆకుపచ్చ గౌను ముసలావిడను ఎవర్నయినా చూశారా?"

ఆమె చూడలేదంది. ఇద్దరూ ఒక్క క్షణం ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకున్నారు; ఎవరి తొందర వాళ్ళకు గుర్తొచ్చి విడిపోయారు.

లెనీర్ తీరం చివరి కొండ మొదలు దాకా నడిచింది. తిరిగి వచ్చింది. అలల్లా వంపులు తిరిగిన నలుపు తెలుపు రాళ్ళ కాలిబాట మీద నడిచింది. కార్లు ఆగకుండా పోతున్న రోడ్డు మీద ఆకుపచ్చ కోసం వెతికింది. బడ్డీకొట్టు గోడ మీద గడియారంలో నాలుగు కావడానికి అయిదు నిమిషాలుంది. నలభై నిమిషాలు. నలభై నిమిషాలుగా తను వెతుకుతోంది తల్లినా, ఎవరికీ తెలియకుండా తల్లినా? ఆ ప్రశ్న ఆమె అడగలేదు. కాళ్ళు ఆగినప్పుడు అదే వచ్చి ఎదురుగా నిలబడింది.

పోనీ, ఆశ్రమానికే పోనీ. సోమవారం నివాల్దో కారు తేనీ. మనిషి ఉంటే చాలు.

చప్పట్ల వైపు తిరిగి పరుగెత్తింది. అంత జనం ఒకచోట ఉన్నది అక్కడే. అక్కడ అరిస్తే తీరమంతా వింటుంది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. గుంపు వెలుపలి వరుసను భుజంతో తోసుకుని, "మా అమ్మ తప్పిపోయింది," అని గట్టిగా అంది. చప్పట్లలో వినపడలేదు. ఇంకా గట్టిగా అంది. ముందున్నవాళ్ళు తిరిగి చూసి పక్కకు జరిగారు.

నడుమ బీరా, మరో బలమైన యువకుడు ఒక కుర్చీని చెరోవైపు పట్టి భుజాల ఎత్తున మోస్తున్నారు. కుర్చీలో జెరాల్దా నిటారుగా కూర్చుని ఉంది. అరచేయి నుదుటికి అడ్డం పెట్టుకుని, జనం తలల మీదుగా ఒక్కొక్క గొడుగునూ గాలిస్తోంది. ఎడమ వైపు నుంచి కుడి వైపుకు, కుడి వైపు నుంచి మళ్ళీ ఎడమకు. ఆ కళ్ళలో ఉన్న భయాన్ని లెనీర్ గుర్తుపట్టింది. అది తన కళ్ళలోదే.

"అదిగో," అంది జెరాల్దా. "అదే. దొరికింది."

అందరూ లెనీర్ వెనకకు చూశారు, నీలం గౌను కోసం. లెనీర్ వెనక ఎవరూ లేరు.

కుర్చీ కిందికి దింపారు. జెరాల్దా లేచి, తూలి, నిలదొక్కుకుని వచ్చి కూతురి భుజం మీద ఒక్కటి వేసింది. దెబ్బ కాదు, దెబ్బంత చప్పుడు.

"చేయి వదలొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఎక్కడికి పోయావు? ఎంత మందిని తిప్పించావో చూడు."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బీరా చెమట తుడుచుకుంటూ, తెల్లబడుతున్న లెనీర్ జుట్టు వైపు, ఇసుకలోని వట్టి పాదాల వైపు చూశాడు.

"ఆరేళ్ళ పిల్లన్నావు కదా పెద్దమ్మా? మనవరాలేమో అనుకున్నా."

"ఎండకు వాడింది," అంది జెరాల్దా. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు."

ఎవరూ నవ్వలేదు. తడిజుట్టామె మాత్రం మళ్ళీ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది, నెమ్మదిగా, పక్కవాళ్ళు అందుకున్నారు. ఆ చప్పుడు మధ్య యాభై రెండేళ్ళ లెనీర్ తలవంచుకుని, "ఇంకెప్పుడూ పోనమ్మా," అంది.

తలెత్తేసరికి కాలిబాట అంచున ఎర్రటోపీ కనిపించింది. అంత చప్పుడు ఏమిటోనని సుయెలీ బస్సు నీడ వదిలి వచ్చింది. ఆమె మొత్తం చూసిందో, చివర మాత్రమే చూసిందో తెలియదు. తిరుగు ప్రయాణంలో తలలు రెండుసార్లు లెక్కపెట్టి, లెనీర్ సీటు దగ్గర ఆగి, నెమ్మదిగా అంది: "అడిగితే నేను అబద్ధం చెప్పను లెనీర్." జెరాల్దా అప్పటికే కూతురి భుజం మీద నిద్రపోయింది.

*

సోమవారం ఏడింటికి నివాల్దో కారు వాకిట్లో ఆగింది.

ఆదివారమంతా లెనీర్ ఒక అబద్ధాన్ని కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది. తప్పిపోలేదు, బీరా సరదాకు మోశాడు అనవచ్చు. అన్న గుమ్మంలో నిలబడి, సుయెలీ చెప్పింది నిజమేనా అని అడిగినప్పుడు ఆ కుట్టు నిలవలేదు.

"నిజమే అన్నయ్యా. నలభై నిమిషాలు. కుర్చీకి కట్టేసి వెళ్ళాను. తప్పు నాదే."

"కట్టేసి," అన్నాడు నివాల్దో. ఆ ఒక్క మాటే రెండుసార్లు అన్నాడు. తర్వాత, సంచి సర్దావా అని అడిగాడు.

బల్ల దగ్గర జెరాల్దా నల్లచిక్కుళ్ళ గింజల్లో రాళ్ళు ఏరుతోంది. మగగొంతు విని తలెత్తింది. గుమ్మంలో వెలుగుకు అడ్డంగా నిలబడ్డ మనిషిని చూసింది. నెరిసిన మీసం, ముందుకు వంగిన భుజాలు. లేచి, చేతులు గౌనుకు తుడుచుకుంది.

"ఒలావో," అంది.

ఒలావో ఆ అన్నాచెల్లెళ్ళ తండ్రి. పోయి పంతొమ్మిదేళ్ళు.

"నీకు చెప్పేశారా?" అంది జెరాల్దా. "నేనే చెబుదామనుకున్నాను. ఒక్క నిమిషం చూడలేదు, అంతే. అంత జనంలో పిల్ల తప్పిపోయింది. అందరూ కలిసి వెతికి పెట్టారు. దెబ్బ కూడా తగల్లేదు, కావాలంటే చూడు." లెనీర్‌ను భుజం పట్టి అతని వైపు తిప్పింది. "ఈమధ్య నాకు మతిమరుపు వస్తోంది, నిజమే. కాని దాన్ని చూసుకోగలను. అన్నం పెడతాను, జడ వేస్తాను. నా దగ్గర్నుంచి తీసుకుపోకు ఒలావో. నేను లేకపోతే అది నిద్రపోదు."

నివాల్దో నోరు తెరిచాడు. నేను ఒలావోను కాదమ్మా అని చెప్పబోయాడని లెనీర్‌కు అర్థమైంది. అతను చెల్లెలి వైపు చూశాడు. మూడు రోజుల కింద ఇదే బల్ల దగ్గర ఇదే మాట ఇంకొక నోట విన్నాడు.

"తీసుకుపోను," అన్నాడు.

"నిజంగా?"

"నిజంగా."

జెరాల్దా కాసేపు అతన్ని పరీక్షగా చూసి, నమ్మి, కూర్చుంది. గింజల కుప్పను చేత్తో రెండుగా చీల్చి ఒక సగం అతని వైపు తోసింది. నివాల్దో కుర్చీ లాక్కున్నాడు. కళ్ళద్దాలు తెచ్చుకోలేదని గొణిగి, గింజలను ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఏరడం మొదలుపెట్టాడు.

ఏడున్నరకు ఫ్యాక్టరీ సైరను మోగింది. లెనీర్ చేయి అలవాటుగా మేకుకున్న తాళం వైపు లేచి, గాలిలో ఆగింది.

"వెళ్ళు," అన్నాడు నివాల్దో తలెత్తకుండానే. "నా కొట్టు మధ్యాహ్నం తెరుస్తాను. అప్పటికి మా ఆవిడ వస్తుంది. మిగతా రోజుల సంగతి సాయంత్రం కూర్చుని చూద్దాం."

లెనీర్ అన్నపు గిన్నె తీసుకుని గడప దాటింది. వెనక నుంచి తల్లి గొంతు వచ్చింది.

"రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడు."

ఆ వీధిలో ఆ వేళకు బండ్లుండవు. లెనీర్ అంచున ఆగింది. ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది, అప్పుడు దాటింది.